చెరిసగం మందు

పశువుల డాక్టరు వంగి పెద్ద ఆవు పొదుగు నొక్కి చూశాడు. రాయిలా ఉంది. పక్కనున్న చిన్న ఆవుదీ అంతే. రైతు తాళ్లు పట్టుకుని నిలబడ్డాడు.

"నేను రాసిన మందు వేశావా?"

"వేశాను."

"వేస్తే ఇలా ఎందుకుంటుంది? నిజం చెప్పు పెద్దాయనా."

"ఒకదానికి సరిపడా కొన్నాను. రెండిటికీ చెరిసగం వేశాను."

"కొంప ముంచావు! సగం మందుకి రోగం పోదు, మొండికేస్తుంది. ఇప్పుడింకా ఖరీదైన సూదిమందు వెయ్యాలి."

"అయితే ఒకదానికే వెయ్యండి."

"రెండోది దక్కదు. డబ్బులు తర్వాత ఇద్దువుగానిలే."

"అరువొద్దు. ఆసుపత్రి బాకీయే ఇంకా నెత్తిమీదుంది. మా ఆవిడకి మందు సగం కాదుగా, మొత్తం ఎక్కించారు. ఇంటికొచ్చిందా?"

"నేను పశువుల డాక్టర్ని."

"అందుకే కొట్టంలోకి రానిచ్చాను."

డాక్టరు సూది తీశాడు.

"ఏ ఆవుకి?"

"చిన్నదానికి. ఇంకా నాలుగు ఈతలు ఈనుతుంది."

"సరే, తల గట్టిగా పట్టుకో."

"ఒక్క నిమిషం ఆగండి. పెద్దదాన్ని గోడ అవతల కట్టేసి వస్తాను. అది చూస్తుంటే నాకు చెయ్యి ఆడదు."