కొరివిదొర ఎడమ భుజం

“జ్వరమైతే ఒళ్లు కాలాలి కదా బావా! నీ నుదురు కుండలో నీళ్లలా చల్లగా ఉంది.”

“లోపలి జ్వరం. పైకి తెలీదు.”

సోమవారం మధ్యాహ్నం నుంచి ఆయనగారు సోఫా దిగలేదు. దుప్పటి, రిమోటు, అలక, మూడూ ఆయన చేతిలోనే ఉన్నాయి. ఇవాళ బుధవారం. భార్య ఆఫీసు నుంచి అప్పుడే వచ్చింది. ఇద్దరిదీ ఒకటే ఆఫీసు, వీడియో గేములు తయారు చేసే చోటు. ఆవిడ ఆటల్లోకి రాక్షసుల్ని పుట్టిస్తుంది. ఈయన అందరికంటే ముందు వాళ్లతో పోట్లాడి తప్పులు పట్టుకుంటాడు. తప్పులు పట్టడంలో ఆయనంతటివాడు లేడు, తన తప్పొక్కటే ఆయనకి దొరకదు.

“లోపలి జ్వరమా! మరి ఆ ప్లేటులో రొట్టెముక్కలు ఎవరు తిన్నారు?”

“మాత్ర వేసుకోవాలంటే కడుపులో ఏదో ఒకటి పడాలిగా.”

“ఏదో ఒకటి కాదు, ఏడు పడ్డట్టున్నాయి.”

“లెక్కపెట్టు. రేపటి సంగతి చెప్పవు గానీ, రొట్టెముక్కలు లెక్కపెట్టు.”

“రేపటి సంగతేంటి?”

“ఏంటంటావా? తెలీనట్టు! రేపు పదింటికి పెద్ద హాల్లో, రెండు వేల మంది ముందు, మన ఆట మొదటిసారి చూపిస్తున్నారా లేదా? నువ్వు పుట్టించిన కొరివిదొరతో ఎవరు తలపడి చూపించాలో ఇవాళ తేలుస్తానన్నాడా లేదా మీ పెద్దాయన?”

“మా పెద్దాయనేంటి, నీకు కాడా?”

“నాకు సోమవారం దాకా పెద్దాయనే.”

“ఉండు, మొహం కడుక్కొచ్చి చెప్తాను.”

“మొహానికేం, బాగానే ఉంది. కొత్తగా వచ్చిన ఆ పిట్ట పేరే ఇచ్చారు కదా?”

“పిట్ట అనకు బావా. పాపం, నిన్ను నోరారా అన్నయ్యా అని పిలుస్తుంది.”

“పిలుస్తుంది! పిట్ట కొంచెం, కూత ఘనం. వచ్చి నాలుగు నెలలు కాలేదు.”

“అయినా సోమవారం ఆరోసారికే దొరని పడగొట్టింది.”

“గుడ్డిగా!”

“ఆ మాట ఆ పిల్లే ఒప్పుకుంది. ‘గుడ్డిగా తగిలింది వదినా, ఎలా తగిలిందో నాకే తెలీదు’ అంది.”

“నేను ఎన్నిసార్లు చచ్చానో తెలుసా వాడి చేతిలో?”

“తెలుసు. నాలుగు వందల పన్నెండు.”

“నాలుగు వందల పన్నెండు! ఆ నల్లకోటలో, ఆ పగిలిన రంగుటద్దాల కింద, నా బూడిద పడని సమాధి లేదు. కొరడాతో కొట్టాడు, రెక్కలతో కొట్టాడు, ఆ ఇనప ముసుగులోంచి నా మొహాన మంటలు ఊదాడు. అలా చచ్చీ చచ్చీ కనిపెట్టాను, నిప్పులవాన కురిపించే ముందు పైన గోపురంలో గంట ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, సన్నగా మోగుతుందని.”

“ఆ గంట పెట్టింది నేనే కదా బావా.”

“పెట్టావు. పెట్టి కట్టుకున్నవాడికి చెప్పావా?”

“ముందే చెప్తే అది పరీక్ష ఎలా అవుతుంది?”

“అదే చెప్తున్నా! కష్టపడి సంపాదించుకున్న గంట అది. ఇప్పుడు నేను కళ్లు మూసుకుని ఆడగలను. చెవితో ఆడతాను. గంట వినగానే పక్కకి దొర్లడం, లేచి పొడవడం, అంతే. మరి ఆ పిల్ల? చూయింగ్ గమ్ నములుతూ ఆడుతుంది. అంత రాక్షసుడు ఎదురుగా నిలబడితే భయం లేదు, భక్తి లేదు.”

“భయభక్తులకి వాడేమన్నా హెడ్మాస్టరా?”

“నవ్వు. సోమవారం కూడా ఇలాగే నవ్వావు. చప్పట్లు కూడా కొట్టావు.”

“అందరూ కొట్టారు.”

“అందరి గొడవ నాకెందుకు? నువ్వు లేచి నిలబడి కొట్టావు.”

“కుర్చీ లేదు బావా, అందుకని నిలబడ్డాను.”

“ఉంది. నీలం కుర్చీ. చక్రం విరిగినది. నేను చూశాను.”

“చక్రం విరిగిన కుర్చీ కూడా గుర్తుపెట్టుకున్నావా!”

“వీడియోలో ఉంది.”

“ఏ వీడియో?”

“ఆ పిల్ల ఆడిన వీడియో. ఎవరో పంపారు. ఊరికే చూశాను.”

“ఎన్నిసార్లు?”

“ఎన్నిసార్లేంటి, ఒకసారి. రెండుసార్లు.”

“బావా.”

“పదిహేడు. చాలా? పదిహేడుసార్లూ నువ్వు లేచి నిలబడ్డావు. నేను మొదటిసారి వాణ్ణి పడగొట్టిన రోజున నువ్వేమన్నావో గుర్తుందా? ‘అయిందా? పద, ఆకలేస్తోంది’ అన్నావు.”

“మూడు వారాలు పట్టింది నీకు! అప్పటికి చప్పట్లు కొట్టే ఓపిక ఎవరికుంది?”

“చూశావా? చూశావా మరి!”

“అబ్బబ్బ, నీకు జ్వరం కాదు బావా, కుళ్లు.”

“అవును, కుళ్లే. నిలువునా ఉడికిపోతున్నాను. ఇంకెలా చెప్పమంటావు? తొమ్మిదేళ్లుగా ప్రతి ఆటకీ స్టేజీ ఎక్కింది నేను. ఏడాదంతా కిటికీ లేని గదిలో మీరు చేసిన తప్పులు ఏరుకుంటూ బతుకుతాను. నా పేరు ఎవడికీ తెలీదు. ఆ ఒక్కరోజు మాత్రం రెండు వేల మంది ఊపిరి బిగబట్టి నా బొటనవేళ్ల వంక చూస్తారు. అదీ ఆ పిల్ల ఎత్తుకుపోతే నాకింకేం మిగిలింది?”

“నేను లేనూ?”

“నువ్వూ లేచి నిలబడ్డావుగా.”

“హయ్యో, మళ్లీ అక్కడికే! సరే, ఇక ఏడిపించను. నీ పేరే ఇచ్చారు.”

“ఏంటి?”

“రేపు స్టేజీ మీద ఆడేది నువ్వే.”

“ఊరికే అంటున్నావు.”

“నీ మీదొట్టు. ఇదిగో, పెద్దాయన మెసేజ్ చూడు.”

“ఏదీ? ఇలా ఇవ్వు... నా పేరే! ఇదిగో, నా పేరే! రా, రా, నువ్వు కూర్చో. కాళ్లు పైన పెట్టుకో. టీ పెడతాను.”

“జ్వరం?”

“ఏ జ్వరం?”

“సిగ్గులేదు నీకు.”

“ఎందుకుండాలి? పంచదార ఒకటా, రెండా? ఇంతకీ పెద్దాయన ఎలా దారికొచ్చాడు? నువ్వు పోట్లాడావా నా తరఫున?”

“నన్ను నోరు విప్పనిస్తేగా. పొద్దున మీటింగులో పెద్దాయన పిట్టనే... ఛ, నాకూ అంటించావు ఆ పేరు. ఆ పిల్లనే ఆడమన్నాడు. ఆ పిల్ల లేచి, ‘నేను ఆడను సార్, అన్నయ్యే ఆడాలి’ అంది.”

“అంత మంచిదెప్పట్నించి అయింది?”

“విను ముందు. ‘నిన్న పొద్దున నేను ఫోన్ చేస్తే, నూట రెండు జ్వరంలో కూడా విసుక్కోకుండా దొర గుట్టు చెప్పారు సార్. పోటీకొచ్చిన మనిషికి ఇంకెవరైనా చెప్తారా?’ అంది.”

“నూట రెండు అని నేననలేదు. నూట ఒకటన్నాను.”

“టీ పొంగుతోంది, అటు చూడు.”

“పొంగనీ. అందరి ముందూ అందా ఆ మాట?”

“అందరి ముందూ.”

“ఏం పిల్ల! అన్నీ చెప్పెయ్యడమే. దానికి బొత్తిగా బతకడం తెలీదు.”

“నిన్ను మెచ్చుకుంటే దాన్ని తిడతావేంటి?”

“నేను చెప్పింది గుట్టు కాదు.”

“మరి?”

“ఏం లేదులే.”

“బావా.”

“ఏం లేదన్నానా.”

“ఇటు తిరిగి చెప్పు.”

“అబద్ధం చెప్పాను. ‘నిప్పులవాన ముందు వాడేం చేస్తాడన్నయ్యా’ అని అడిగింది. గంట సంగతి నోటిదాకా వచ్చింది. నాలుగు వందల పన్నెండు చావులు చచ్చి తెలుసుకున్నది, ఫోన్లో ఒక్క మాటలో ఎలా ఇచ్చెయ్యను? ‘ఎడమ భుజం చూడమ్మా, రవ్వంత లేపుతాడు’ అన్నాను. వాడి భుజం కదలదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. లేవని భుజం కోసం కాసుకుని కూర్చుంటుంది, మాడి మసైపోతుంది, దాన్నిక స్టేజీ ఎక్కించరనుకున్నాను.”

“భుజం... అబద్ధమా?”

“తిట్టు. ఎంత తిడితే అంత పడతాను. పాపం, అది నా కోసం అందరి ముందూ లేచి...”

“ఆగు బావా. ఒక్క నిమిషం ఆగు. భుజం అబద్ధమా?”

“ఎన్నిసార్లు చెప్పించుకుంటావు? ఫోన్ ఇవ్వు, ఇప్పుడే దానికి నిజం చెప్పేస్తాను.”

“ఫోన్ తర్వాత. ముందు స్టవ్ ఆపి ఇలా వచ్చి కూర్చో.”

“ఆ మొహమేంటి అలా పెట్టావు?”

“నిన్న మధ్యాహ్నం అది నా దగ్గరికొచ్చింది. ‘వదినా, దొర భుజం లేపుతాడని అన్నయ్య చెప్పారు, వీడు లేపట్లేదు. అన్నయ్య చెప్పింది తప్పవదు, తప్పు దొరదే’ అంది.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను? తొమ్మిదేళ్లలో నీ మాటకి ఎవరమైనా ఎదురు చెప్పామా? నువ్వు తప్పంటే దిద్దడం, అదేగా మా పని. కూర్చుని ఆలోచించాను. రెండు వేల మంది గోలలో సన్నటి గంట ఎవరికి వినిపిస్తుంది? కంటికి కనిపించే గుర్తే ఉండాలి. బావ అందుకే అలా అన్నాడు, జ్వరంలో కూడా ఏం బుర్ర అని మురిసిపోయాను. మీటింగు అయ్యాక పెద్దాయనకీ అదే చెప్పాను. సగం దానికే నీ పేరు ఖాయం చేశాడు.”

“దిద్దేశావా?”

“దిద్దేశాను. ఇప్పుడు ఎడమ భుజం లేస్తుంది. రవ్వంత. రెప్ప వేస్తే కనబడదు.”

“గంట?”

“ఒక్క దెబ్బకి రెండు గుర్తులెందుకని తీసేశాను.”

“తీసేశావా! నా గంట?”

“నా గంట బావా. నేను పెట్టాను, నీ మాట మీద నేనే తీశాను.”

“మళ్లీ పెట్టు. పద, ఇప్పుడే వెళ్దాం.”

“మూడింటికే ఆటకి తాళం వేసి హాలుకి పంపేశారు. ఇక పెద్దాయన కూడా వేలు పెట్టలేడు.”

“మరి రేపు నేను... నాకు ఆ భుజమెలా ఉంటుందో కూడా తెలీదే! అంత మంది ముందు మొదటి నిప్పులవానకే చస్తాను కదే!”

“ఇవాళంతా ఆ భుజాన్నే చూస్తూ ఆడిన మనిషి ఒక్కతే ఉంది. తొమ్మిదిసార్లు ఆడి, తొమ్మిదిసార్లూ పడగొట్టింది.”

“వద్దు. చెప్పకు. దాని మొహం ఎలా చూడమంటావు?”

“చూడక తప్పదు బావా. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కింద మెట్ల మీదే కూర్చుంది. జ్వరంలో ఉన్న మనిషిని లేపనని పైకి రాలేదు. ‘భుజం మీరు చెప్పినట్టే దిద్దామో లేదో, అన్నయ్యని ఒక్కసారి చూసి తప్పులుంటే చెప్పమను వదినా’ అంటోంది.”