అలారానికి ఇచ్చిన హామీ

కాదు క్రాంతీ, ఆ 'చిన్న కాన్ఫిగరేషన్ పొరపాటు' అనే మాట ఇంకోసారి అనకు. నా ఇంట్లో కూర్చుని, నా చేతి టీ తాగుతూ అసలు అనకు. పొరపాటట! ఎవరి పొరపాటు?

సరే సరే, కూర్చో. కోటు విప్పు, హీటింగ్ వేశాలే. రఘు లేడు. వేర్‌హౌస్‌లో రోటా మార్చారు, ఈ శనివారం కూడా షిఫ్టే. శ్రీజ పైన చదువుకుంటోంది. గొంతు పెంచకు మరి, ఈ స్టీవెనేజ్ ఊళ్లో ఇళ్ల గోడలు వట్టి అట్టముక్కలు.

ఏమన్నావ్? సోమవారం మీటింగులో నేనే ఒప్పుకోవాలా? 'సులోచన తొందరలో సెట్టింగ్ తప్పు పెట్టింది, ట్రైనింగ్ ఇప్పిస్తాం' అని మేనేజరుగా నువ్వంటావు. పక్కన కూర్చుని నేను తలూపాలి. అంతేనా? అబ్బ, ఎంత సులువుగా చెప్పావు నాయనా!

జరిగింది మర్చిపోయినట్టు మాట్లాడుతున్నావు. అందుకని చెబుతున్నా, విను.

మన సర్వర్లన్నీ కలిపి ఒకటే క్లస్టర్. ముసలివాళ్ల ఇళ్లకెళ్లే కేరర్ల రోటా అందులోనే, జీతాల లెక్కలు అందులోనే, మీ డైరెక్టర్ గారి రిపోర్టులు అందులోనే, అలారం కూడా అందులోనే. అందరికీ మెమరీ ఒక్క గుండిగలోంచే. ఎవరికెంతో పంచిపెట్టేది నేను. ఇంకా వెయ్యి, ఇంకా వెయ్యి అనేవాళ్లే అందరూ. చాలనేవాడు ఒక్కడు లేడు. పెళ్లి పంక్తిలో గరిటె పట్టుకున్నవాడి బతుకైపోయింది నాది.

అందుకే కదా, మొదట్నుంచీ అలారం వాటా మాత్రం పక్కన తీసిపెట్టాను? వాడుకున్నా వాడుకోకపోయినా అది దానిదే. ఇంకో సర్వీసు ముట్టుకోడానికి వీల్లేదు. అది దానికిచ్చిన హామీ. ఎందుకంటావా? ఒంటరిగా ఉండే ముసలివాళ్ల మెడలో బటన్ అది. కిందపడితే నొక్కుతారు. నొక్కగానే మన సర్వీసు ఆ కాల్ అందుకుని మనిషికి కలపాలి. అంతకన్నా ముఖ్యమైంది ఏముందయ్యా మన కంపెనీలో?

మరి ఆవేళ నువ్వేం చేశావ్? మెసేజ్ పెట్టలేదు, మెయిల్ పెట్టలేదు. ఫోన్ చేశావు. 'అక్కా, కొత్త కస్టమర్లొచ్చి కూర్చున్నారు, డైరెక్టర్ డెమో ఇస్తున్నాడు, రిపోర్టులు కదలట్లేదు. అలారం వాటా తీసి ఇటివ్వు. ఈ ఒక్క మధ్యాహ్నమే' అన్నావు.

నేనేమన్నాను? 'వద్దు క్రాంతీ. మెమరీ చాలకపోతే, హామీ లేని సర్వీసునే ముందు చంపేస్తుంది సిస్టం. దానికి ముసలాళ్లు, డైరెక్టర్లు అని తేడా తెలీదు' అన్నాను. అన్నానా లేదా? కప్పులోకి కాదు, నా మొహంలోకి చూసి చెప్పు.

అప్పుడన్నావు. 'అక్కా, నీ వీసా స్పాన్సర్‌షిప్ కాయితాలు కూడా ఆయన దగ్గరే ఉన్నాయి మరి.' బెదిరించలేదులే. నువ్వెప్పుడూ బెదిరించవు. బయట వాన పడుతోందన్నట్టు చెప్పావంతే.

మార్చేశాను. నా లాగిన్, నా చెయ్యి. ఇప్పుడు ఎవరు తవ్వి చూసినా కనపడేది నా పేరే. నీ మాట ఎక్కడుంది? గాల్లో ఉంది.

రిపోర్టులు పరుగెత్తాయి. చప్పట్లు కూడా కొట్టారటగా? ఇక్కడ అలారం సర్వీసు పడిపోయింది. లేచింది. మళ్లీ పడిపోయింది. నీకు ఫోన్ మీద ఫోన్ చేశాను. ఎత్తితేనా! ఇంక నిన్నడిగేదేంటని నేనే పాత సెట్టింగ్ తిరిగి పెట్టేశాను.

అప్పటికే మన బటన్ మెడలో వేసుకున్న ఆ పెద్దాయన వంటింట్లో పడిపోయి ఉన్నాడు, తుంటి విరిగి. సాయంత్రం కేరర్ వచ్చి తలుపు తీసేదాకా ఆ చల్లటి నేల మీదే.

అవును, బతికాడు. తెలుసు. బతికాడు కదా, బతికాడు కదా అని వచ్చిన దగ్గర్నుంచీ అంటూనే ఉన్నావు. చచ్చిపోతే తప్ప లెక్కలోకి రాదా?

నువ్వా రికార్డింగు విన్నావా?

వినలేదు. నాకు తెలుసు. లైను కలవకపోతే ఆయన ఇంట్లో ఉన్న అలారం పెట్టె మాటలు దాచిపెట్టి, కలిశాక పంపుతుంది కదా. నేను విన్నాను. అరిచాడనుకున్నావా? తిట్టాడనుకున్నావా? 'హలో, మళ్లీ నేనే. మీరు బిజీగా ఉన్నట్టున్నారు' అన్నాడు. కాసేపటికి మళ్లీ నొక్కాడు. 'మాటిమాటికీ విసిగిస్తున్నాను, సారీ డియర్. వీలు చూసుకుని ఎవరైనా వస్తే చాలు.' ఆ నేల మీద పడి ఉండి కూడా మర్యాద తప్పలేదు.

సారీ అట, క్రాంతీ! మనకి!

నాకేం భయం లేదనుకోకు. భయం తప్ప ఇంకేం లేదు నా దగ్గర. రఘు కాకినాడలో లెక్చరర్‌గా ఉన్నవాడు, అది మానేసి నా వీసా మీద వచ్చాడు. ఇక్కడ డబ్బాలు మోస్తున్నాడు. శ్రీజకి ఈ ఏడు జీసీఎస్ఈ, మన టెన్త్ లాంటి పరీక్షలు. దాన్ని తెలుగులో అడిగినా ఇంగ్లీషులోనే చెబుతుంది, దాన్ని తీసుకెళ్లి అక్కడ ఏ కాలేజీలో వెయ్యను? వచ్చే ఎండాకాలానికి పీఆర్ వచ్చేస్తుంది, ఇక ఎవరి స్పాన్సర్‌షిప్పూ అక్కర్లేదు, ఈలోపు నోరు మూసుకో అని రోజూ నాకు నేనే చెప్పుకున్నాను.

నీ మాట వింటే? తప్పు చేసినదాన్ని జాలిపడి ఉంచుకున్నట్టు ఉంచుకుంటారు. మళ్లీ ఇంకో డెమో, ఇంకో ఫోను. వినకపోతే సామాను సర్దుకోవడమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నువ్వు చేసిన మేలు మర్చిపోలేదయ్యా. ఈ ఉద్యోగం ఇప్పించింది నువ్వే. వచ్చిన కొత్తల్లో మమ్మల్ని కేంబ్రిడ్జ్‌లో మీ ఇంట్లోనే పెట్టుకున్నారు. మీ ఆవిడ కిరణ్మయి తన స్వెటర్లు తీసి శ్రీజకి తొడిగింది. అవన్నీ గుర్తున్నాయి కాబట్టే నిన్ను లోపలికి రానిచ్చాను. ఇంకెవరైనా అయితే గుమ్మంలోనే చెప్పి పంపేసేదాన్ని.

ఏం చెప్పి అంటావా?

నిన్న ఊరి కౌన్సిల్ ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ఆ పెద్దాయన సంగతి విచారిస్తోందట. చాలా నెమ్మదస్తురాలు. 'ఆ సెట్టింగ్ ఎందుకు మార్చారండీ?' అని అడిగింది. అంతే. ఇంకో ప్రశ్న కూడా వెయ్యలేదు.

చెప్పేశాను.

ఎవరు ఫోన్ చేశారో, ఏమన్నారో, నేనెందుకు వద్దన్నానో, వద్దని తెలిసీ ఎందుకు మార్చానో... అన్నీ. నీ పేరుతో సహా. డైరెక్టర్ పేరుతో సహా. నా వీసా సంగతితో సహా.

అలా చూడకు. ఇప్పుడెందుకు లేచి నిలబడ్డావ్? వాళ్లు సోమవారం నిన్నే అడుగుతారు. నీకు సిటిజన్‌షిప్ ఉంది, ఇది కాకపోతే ఇంకో ఉద్యోగం చూసుకుంటావు. నా సంగతంటావా? ఏమో. ఇంకో స్పాన్సర్ దొరికితే ఉంటాం. దొరక్కపోతే వెళ్తాం. ఏం చేస్తాం?

రఘుకా? ఇంకా తెలీదు. షిఫ్ట్ నుంచి వచ్చి, స్నానం చేసి, అన్నం తిన్నాక చెప్పాలి. 'ముందు నన్నొక్క మాట అడగాలనిపించలేదా?' అంటాడు, చూడు.

అడిగితే చెప్పనిచ్చేవాడు కాదు. అందుకే అడగలేదు.