సిమెంట్ తీసి బీడీ పెట్టిన రిపోర్టు

2012 ఎండాకాలం. ఎల్లారెడ్డి నుంచి వచ్చి కామారెడ్డిలో ఎంబీఏ చదువుతున్న తార, డీటీపీ షాపులో కూర్చుని, షాపాయన బీడీ పరిశ్రమ మీద తయారు చేసిచ్చిన ప్రాజెక్టు రిపోర్టు తిరగేస్తోంది. రేపు కాలేజీలో ఇవ్వకపోతే, ప్రాజెక్టుకు బదులు రెండు పేపర్లు పరీక్ష రాయాలి.

“అన్నా, బీడీల మీద నీళ్లు కొడితే గట్టిపడతయని రాసినవేంది?”

“పోయినేడు ఒక పిలగానికి సిమెంట్ మీద చేసిన, చెల్లె. సిమెంట్ తీసి బీడీ పెట్టిన.”

“మా అమ్మ ముప్పై ఏండ్ల సంది బీడీలు చేస్తది. నీళ్లు పడితే బీడీ ఖరాబైతది.”

“సారు గివన్నీ చదువుతడా? అట్ట చూసి సంతకం పెడతడు.”

“ఆ సారు బీడీ తాగుతడన్నా.”

షాపాయన రిపోర్టు తీసుకుని పక్కన పెట్టాడు.

“మరి రెండు పేపర్లే రాయరాదు?”

“రాసేటట్టుంటే నీ దగ్గరికెందుకొస్త? కొత్త ఫైలు తెరువు. మా అమ్మ పని నేను చెప్త, నువ్వు కొట్టు. బీడీ చుట్టే తునికాకు కత్తిరించుడు కాడ్నుంచి షురూ చెయ్యి.”

సాయంత్రానికి నలభై పేజీలయ్యాయి. తార ఒక్కో పేజీ చదువుకుని తలూపింది. షాపాయన అట్ట వేసి ఇచ్చాడు.

“మస్తుగొచ్చింది, చెల్లె. ఫైలు నా దగ్గర్నే ఉంచుకుంట.”

“ఎందుకన్నా?”

“వచ్చే ఏడు ఎవలన్న సిమెంట్ అడుగుతరు.”