నలభై సెకండ్ల సువార్తమ్మ

ఆగు బిడ్డా, ఆగు, గా క్యాసెట్ అప్పుడే మిషన్ల పెట్టకు. పెట్టకంటున్న గదా. ఇటియ్యి, నా చేతికియ్యి. కూసో. గా కుర్చీ కాలు జర కదులుతది, గోడకు ఆనిచ్చి కూసో. ఆఫీసుకెల్లి సీదా ఇటే వచ్చినవా ఏంది, మెడల కార్డు అట్లనే ఏలాడుతుంది. చాయ్ తాగు, నీకోసమే పెట్టించిన. నువ్వు ఫోన్ జేసి, "తాతా, మా నాయనమ్మ గొంతున్న టేపు నీ కాడ ఉందట గదా, ఆదివారం మీ ప్రోగ్రాంల ఏద్దాం, నేను ఫోన్లకు గూడ ఎక్కించుకుంట" అన్నప్పటిసంది నాకు బువ్వ సయిస్తలేదు. ఎందుకో చెప్త. మొదటిసంది చెప్త, నడుమల ఆపకు. మీ తాత ముచ్చట నీకు ఎవ్వలన్న చెప్పిండ్రా? మీ నాయిన ఏం చెప్తడు, కిరణ్ పాల్‌కు చిన్నప్పటిసంది మాటలు తక్కువ. నోట్ల ముత్యాలున్నయా అన్నట్టు ఉంటడు.

మీ తాత పౌలు ఈ ఖాజాగూడల బడి పంతులు. లోకమంత సారూ అంటుండె, నేను పౌలూ అంటుంటి. గప్పుడు ఈడ ఏముండె, గుట్టలు, చెరువు, నడుమల ఊరు. ఇప్పుడు అద్దాల మేడలు లేసిన కాడ మేకలు మేపేటోళ్లు. నాది రేడియో రిపేర్ దుకాణం, పోచమ్మ గుడి పక్కపొంటి చిన్న అర్ర. బడి ఇడిచినంక మీ తాత ఇంటికి పోడు, సీదా దుకాణానికొస్తడు. రేడియో అంటె అంత పిచ్చి. వార్తలు కావాలె, నాటకం కావాలె, రైతుల ముచ్చట్లు గూడ కావాలె. నీకు గుంటెడు జాగ లేదు, యూరియా సంగతి నీకెందుకురా అంటె, "గొంతు ఎంత బాగుందో ఇను తిరుపతీ" అనేటోడు. పొద్దుగూకినా లేవడు. ఆడ మీ నాయనమ్మ పొయ్యి కాడ కూసొని ఎదురుచూసుడు, ఇంటికి పోయినంక ఇద్దరికి లొల్లి. మల్ల తెల్లారి నా దుకాణం ముంగట అదే మనిషి, అదే నవ్వు.

మీ నాయనమ్మ సువార్తమ్మ దవాఖానల నర్సు. చీటీలు పట్టుకొని వరండల నిలబడి పేషెంట్ల పేర్లు పిలిచేది. ఆ పిలుపు ఎట్లుండేదంటె, జరమొచ్చినోడు గూడ లేసి కూసునేటోడు. ఒకపారి రేడియోల నాటకాలు చేయించేటాయన ఎవరో సూది మందుకొచ్చి ఆ గొంతు ఇన్నడు. "అమ్మా, మా నాటకంల చిన్న వేషముంది, చెప్తవా" అన్నడు. ఆమె సిగ్గువడ్డది, మీ తాత ఒప్పించిండు. ఒక్కటే నాటకం, ఒక్కటే వేషం. అది రేడియోల వచ్చిన దినం ఊరంత నా దుకాణం ముంగట కూసున్నది. మీ తాత రికార్డర్ తెచ్చి నా రేడియో మూతికి ఆనిచ్చి పట్టుకున్నడు. టేపు ఎనుకటి పాటలతోని నిండి ఉండె, ఆఖర్ల నలభై సెకండ్ల జాగ మిగిలింది. గంతల్నే పట్టింది. నాటకంల మొగుడు పొద్దుగూకినా ఇంటికి రాలే. తలుపు చప్పుడైతది. ఆమె అంటది, "ఎవరది? వచ్చినవా? ఎంత పొద్దువోయిందో చూసినవా, బువ్వ సల్లగైపాయె. ఏడున్నవ్ ఇంతసేపు?" గంతే. మొగుడు జవాబు చెప్పేలోపు టేపు అయిపోయింది. మీ తాత తల కొట్టుకున్నడు. ఆమె నవ్వింది, "ఆ జవాబేందో నాకెరుకే, రోజు ఇనేదే గదా" అన్నది. అందరం నవ్వినం. మల్లేడాది పసిరికెలయి, కామెర్లంటరే, గా రోగంతోని పోయింది తల్లి. మీ నాయినకు రెండేండ్లు. ఒక్క ఫోటో, ఈ నలభై సెకండ్లు, గంతే మిగిలింది.

ఇటు చూడు. క్యాసెట్ వీపున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటయి. అవి ఇరగ్గొడ్తె ఇగ దానిమీద కొత్తగ రికార్డు కాదు, భద్రం. మీ తాత ఆ దినమే గోటితోని రెండూ ఇరగ్గొట్టిండు. ఏడాదికి ఒక్కపారే, ఆమె పుట్టిన దినం నాడు నా దుకాణంల పెట్టుకొని ఇనేటోడు. "ఎక్కువ తిప్పితే అరిగిపోతది తిరుపతీ" అనేటోడు. నలభై ఏండ్లకు దగ్గర విన్న గదా, అందుల కుక్క ఎప్పుడు మొరుగుతదో గూడ నాకెరుకే.

దుకాణాలు మూతవడ్డయి, రేడియోలు మూలకువడ్డయి, మేం గూడ రిటైరైనం. గప్పుడు మణికొండల ఈ అపార్ట్‌మెంటోళ్లు చిన్న రేడియో పెట్టిండ్రు, ఫోన్ల వస్తదే, అది. వారంల ఒక గంట మాకియ్యుండ్రని మీ తాత పోయి అడిగిండు. జీతం లేదు, చాయ్ గూడ ఇంటికెల్లే కొండవోవాలె. ఆదివారం నాలుగ్గంటలకు ముగ్గురం. నేను, మీ తాత, మా వెంకటరామయ్య. ఆయన గుంటూరు దిక్కు మనిషి, ఎవ్వలతోనన్న అండి లేనిది మాట్లాడడు, మిషన్ను గూడ "ఏవండీ, ఏమైందండీ మీకు" అంటడు. మాట ఆయనది, టేపులు మీ తాతయి, మిషన్లు నాయి. ఎన్కటి నాటకాలు, బావి కాడి పాటలు, ఎవ్వల ఇంట్ల ఏమున్నా తెచ్చి ఏసేది. మీ తాతకు ఒక పట్టింపుండె. టేపు పేరు చెప్పినంక ఇరవై లెక్కవెట్టేదాంక ఎవ్వలు నోరు మెదపొద్దు. ఎందుకంటె ఎన్కటి రేడియో వేడెక్కినంకనే గొంతు వస్తుండె గదా. "ఇనేటోడు గూడ వేడెక్కాలె" అనేటోడు. ఆఫీసుల పోరగాండ్లు ఫోన్లు జేసేది, మీ రేడియో సచ్చిపోయింది తాతా అని. నాకు కోపమొస్తుండె. సచ్చిపోలేదురా, జర ఓపిక పట్టుండ్రి అంటుంటి.

ఇగ అసలు సంగతి. చెప్తున్న. సువార్తమ్మ పుట్టిన దినం ఒక ఏడు ఆదివారం నాడే పడ్డది. మీ తాత శనివారం పొద్దుగాల క్యాసెట్‌ను ఆమె గొంతు మొదలయ్యే కాడికి తిప్పి తెచ్చి నా బల్ల మీద పెట్టిండు, "రేపు ప్రోగ్రాంల ఏద్దాం, లోకమంత ఇననియ్యి" అన్నడు. పోయిండు. నేను మిషన్ ఇప్పి హెడ్డు తుడుస్తున్న. హెడ్డంటె టేపు తగిలి పోయే జాగ, దుమ్ము పట్టితే గొంతు మబ్బువడ్తది. తుడిచినంక ఒకపారి రికార్డు చేసి చూసుడు మా మెకానిక్కులకు అలవాటు. చేతికందిన క్యాసెట్ పెట్టుడు, ముక్కలు ఇరిగి ఉంటె ఆ తొర్రల కాయితం కుక్కుడు, బటన్ ఒత్తుడు. ముప్పై ఏండ్లు అదే పని. చెయ్యి మెదడును అడగదు బిడ్డా. కుక్కిన, ఒత్తిన, నలభై దాంక లెక్కవెట్టిన. మైకు గూడ పెట్టలే, ఉత్తదే. బయటికి తీసినంక చూసిన, మీ తాత చేతిరాత. సువార్త అని. మల్ల పెట్టి ఇన్న. బుస్సుమని చప్పుడు, ఇగ ఏం లేదు. అవును, నేనే. నీ నాయనమ్మ గొంతు తుడిచేసింది నేనే. పదేండ్లు దాటింది, ఇది ఇప్పటిదాంక ఎవ్వలకు చెప్పలే.

అట్ల చూడకు. తిట్టాలనుంటె తిట్టు, గని మొత్తమిను. ఆదివారం పొద్దుగాల్నే చెప్పాలని బయలెల్లిన. మీ తాత ఇస్త్రీ అంగీ ఏసుకొని, తలకు నూనె రాసుకొని, చర్చికెల్లి సీదా స్టుడియోకు వచ్చి కూసున్నడు, పెండ్లికొడుకు లెక్క. నేను చెప్పకుంట మిషన్ వైర్లు సదురుకుంట కూసున్న. టేపు చిక్కుకున్నదని అబద్ధమాడుదామనుకున్న, అది గూడ రాలే. వెంకటరామయ్య చెప్పిండు, "ఇప్పుడు మీరు వినబోయేది మా పౌలు గారి ఇల్లాలి గొంతండి" అని. ఇరవై లెక్కవెట్టినం. నేను బటన్ ఒత్తిన. మిషన్ మీద గొంతు వస్తె ఊగే ముల్లు ఉంటది చూడు, ఇగో ఇదే. అది కదల్లే. బుస్సుమంటున్నది. నేను మీ తాత మొఖం దిక్కు చూస్తున్న, ఇప్పుడు అడుగుతడు, ఇప్పుడు లేస్తడు. ఆయన చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లు రెండు చేతులతోని అదిమి పట్టుకొని, తల ఇట్ల లేపి, నవ్విండు. సరిగ్గ కుక్క మొరిగే కాడ తలుపు దిక్కు చూసిండు. టేపు ఒడిసింది. మైకుల అన్నడు, "విన్నరు గదా, మా ఇంటామె."

పానం బాగలేదు, మతి తప్పిందనుకున్న. గంతల్నే ఫోన్ మోగింది. కొండాపూర్‌ల ఒక అపార్ట్‌మెంట్ కాడ కాపలా ఉండే బుచ్చమ్మ. "సారూ, ఆమె ఎంత మంచిగ అడిగింది, బువ్వ సల్లగైపాయె అని, మా అవ్వ యాదికొచ్చింది" అని ఏడుస్తుంది. ఆ మాట ఆమెకెట్ల ఎరుక? టేపు అంతకుముందు ప్రోగ్రాంల ఎన్నడు ఏయలే. మల్లొక ఫోన్, ఓంకార్ అని క్యాబ్ నడిపేటోడు, బండి పక్కకు ఆపి చేస్తున్నడు, "జవాబెందుకు కట్ చేసిండ్రు అంకుల్" అని. బయటికొచ్చినంక వెంకటరామయ్యను పక్కకు గుంజి అడిగిన, నీకేం వినొచ్చింది, నిజం చెప్పు అని. "అదేంటండీ, చక్కగా వినపడింది గదా, ఏం గొంతండీ ఆవిడది" అన్నడు. నడుసుకుంట వస్తుంటె మీ తాత నా బుజం మీద చెయ్యేసిండు. "ఇన్నేండ్లల్ల గంత సాఫ్‌గ ఎన్నడు వినొయ్యలే తిరుపతీ. హెడ్డు మంచిగ తుడిచినవ్" అన్నడు.

నేను చేసింది తెలిసే ఆ మాట అన్నడా, ఉత్తగనే అన్నడా, ఇయ్యాల్టిదాంక తెల్వదు. క్యాసెట్ నా జేబుల పెట్టి, "ఇగ నీ కాడనే ఉండనియ్యి" అన్నడు. ఆ మాటతోని నా పానం సగం పోయింది. నాలుగు నెల్లకు మీ తాత పోయిండు, కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే. చెప్దాం చెప్దాం అనుకుంటనే ఉన్న, మట్టి గూడ ఏసి వచ్చిన. చెవులు చూపిచ్చుకున్న దవాఖానల, మంచిగనే ఉన్నయన్నరు. ఏటేటా ఆ దినం నాడు తలుపేసుకొని పెట్టుకొని ఇంటున్న. బుస్సు. ఉత్త బుస్సు. లోకానికంత వినొచ్చి నా ఒక్కనికే వినొయ్యకుంట చేసింది ఆ తల్లి, నా తప్పుకు అదే శిక్ష అనుకున్న. అందుకే అంటున్న, ఆదివారం వద్దు. నీ ముంగట పెట్టి, నీకు గూడ బుస్సే వినొస్తె, ఇగ నేను మీ నాయినకు మొఖమెట్ల చూపియ్యాలె. నువ్వు ఆమె గొంతు ఒక్కపారన్న ఇనలే. అదే నన్ను తింటున్నది.

ఏంది, అయినా పెడ్తనంటవా? పెట్టు మరి. నీ నాయనమ్మ, నీ ఇష్టం. ఇగో, చెవులకు పెట్టుకో. నేను ఈ స్పీకర్ల ఇంట. ఆగు, ఇరవై లెక్కవెట్టు. మీ తాత పట్టింపు, మనం తప్పొద్దు.

ఊఁ. ఒత్తు.

ముల్లు చూడు, పండుకున్నట్టే ఉన్నది. బుస్సు. చెప్పిన గదా బిడ్డా. తీసెయ్యి, తీసెయ్యి, ఇంక ఎందుకు... ఏమైంది? చెయ్యి ఎందుకట్ల లేపినవ్? వస్తుందా? ఏమంటుంది? ఆఁ, బువ్వ సల్లగైపాయె, అవును, అదే. ఏడ్వకు బిడ్డా, ఏడ్వకు, ఇను మంచిగ. అయిపోయిందా?

ఇంక ఉన్నదా? ఏమున్నది ఇంక? మొగగొంతా? లేదమ్మా, అందుల మొగగొంతు లేదు. నలభై ఏండ్లు విన్న, జవాబు పట్టలే అందుల, టేపు ఒడిసింది అంటున్న గదా. ఏమంటున్నడు? సరిగ్గ ఇను, ఏమన్నడు?

"తిరుపతి ఆపిండే, ముచ్చట్లల్ల పెట్టి రానియ్యలే."

నేను ఈ మాట నీకు చెప్పలే గదా. చెప్పిన్నా? చెప్పలే. అది మీ తాత రోజు ఇంటికి పోయి చెప్పేటి సాకు బిడ్డా. తనే కూసుండి తనే లేవడు, పేరు నా మీద పెట్టేటోడు. అదే సాకు, అదే మాట. మీ నాయిన గూడ ఎరుగడు, గప్పటికి ఇంక మాటలు గూడ సక్కగ రాలే ఆనికి.

బంద్ జెయ్యకు. నడువనియ్యి. నాకేం వినొస్తలేదు గని, నడువనియ్యి.

చాయ్ తాగు, సల్లగైపాయె.