గుంతలో దొరికిన రోలరు

మునిసిపాలిటీ ఆఫీసువాళ్ళు రోడ్ల మరమ్మతు ఓ ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పిన నాడే, రోడ్డు రోలరు తోలే రోలరు మావయ్య చేతిలో స్టీరింగు పోయి టీ గ్లాసు మిగిలింది. నోరొక్కటే వాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

ఓ సాయంత్రం ఇల్లాలు ఆయన కోసం టీకొట్టుకు వచ్చేసరికి కోతలు మొదలైపోయాయి. ఆపరేషనుతో కాన్పైన కూతురు పసిగుడ్డునెత్తుకుని ఇంకాసేపట్లో ఆటోలో వస్తోంది. సందు మొదట్లోనే మోకాలి లోతు గుంత. ఆ కుదుపుకి కూతురి కుట్లు ఏమౌతాయో దేవుడికే తెలియాలి.

"గుంత సంగతా? నిన్ననే కంపెనీకి ఫోన్ చేశాను. ఎత్తారు," అంటున్నాడు మావయ్య.

"అప్పుడే కోతలోకి దిగాడు," అన్నాడు దర్జీ.

"వినవయ్యా. మేనేజరే వచ్చాడు. లోతెంతో చూద్దామని రాయి వేశాడు. చప్పుడు వినపడితే ఒట్టు. అది ఇప్పటికీ పడుతూనే ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మోకు కట్టి నన్ను దింపారు. దిగాను, దిగాను, అడుగున చూద్దును కదా, నా రోలరు. పాత ఇనుం కింద అమ్మేశామన్నారే, అదే. నన్ను చూడగానే గుప్పున పొగ వదిలింది పిచ్చిది. ఎక్కి కూర్చుని పైకి తోలుకొచ్చేశాను."

"నిటారుగానా?" అన్నాడు బస్సు డ్రైవరు.

"మరి అడ్డంగా వస్తారా? వచ్చి ఒక్క తోలు తోలేసరికి రోడ్డు అద్దమైపోయింది. చీమలు జారిపడుతున్నాయి. నీ బస్సు బ్రేకేసినా ఆగక పక్క ఊళ్ళో తేలింది కదూ? పైన పోయే విమానం ఇదేదో రన్‌వే అనుకుని దిగబోతే, నేనే చెయ్యూపి పంపేశాను."

ఎవరూ గట్టిగా నవ్వలేదు. రోజంతా ఆ రోడ్డు మీదే ఒళ్ళు హూనం చేసుకుని వచ్చినవాళ్ళు.

ఆపడానికి ఇల్లాలికి మనసొప్పలేదు. పొద్దుటినుంచి నడుం వాల్చని మనిషి, ఆ నాలుగు మాటలైనా చెప్పుకోనీ అనుకుంది. కానీ ఆటో ఆగదు కదా.

"ఏమండీ," అంది మెల్లగా, "తట్ట ఎక్కడ పెట్టారు? పొద్దున మీరు పూడ్చిన ఇటుక ముక్కలన్నీ లారీ తొక్కి లేచిపోయాయి. అమ్మాయి వాళ్ళు ఆసుపత్రి దగ్గర బయల్దేరారట."

మావయ్య గ్లాసు కింద పెట్టాడు. ఆయన గోళ్ళలో ఇటుకపొడి ఇంకా వదల్లేదని అప్పుడు చూశారు అందరూ.

"పార కూడా ఉందా అత్తయ్యా?" అంటూ బస్సు డ్రైవరు లేచాడు. వెనకే దర్జీ.

మోకాళ్ళు పట్టుకుని అందరికంటే ఆఖరున మావయ్య లేచాడు.

"రోలరునే పిలుద్దును," అన్నాడు, "చంటిది ఉలిక్కిపడుతుందని గానీ."