పూత చూసి జవాబు రాయకు

అధ్యక్షులు నారాయణరావు గారికి, జిల్లా కేంద్రం నుంచి ఎండనపడి వచ్చిన విద్యాశాఖ పెద్దలకి, వేదిక మీదున్న ఉపాధ్యాయులకి, కింద కండువాలతో విసురుకుంటున్న మిత్రులకి, కిటికీల దగ్గర నిలబడ్డ మా తోటల వాళ్లకి, కుడిపక్కన కూర్చున్న తల్లులకి, అందరికీ నమస్కారం. ఇవాళ రిటైరవుతున్న ప్రభాకరరావు మాస్టారికి మాత్రం వేరే నమస్కారం. అది లేచి నిలబడి పెట్టాల్సింది, ఎలాగూ నిలబడే ఉన్నాను గనక ఇప్పుడే పెట్టేస్తున్నాను. (నవ్వులు)

నన్ను మాట్లాడమన్నప్పుడు వద్దంటే వద్దన్నాను. మామిడికాయల వ్యాపారికి మైకెందుకండీ? తోటలో ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివర మనిషి పలికే గొంతులు మావి. నాకు ముందు మాట్లాడిన పెద్దలంతా మాస్టారి ఇంగ్లీషు గురించి చెప్పారు, ఆ ఉచ్చారణ గురించి చెప్పారు, ఆఖరికి ఆయన గొడుగు గురించి కూడా చెప్పారు. నాకు ఇంగ్లీషు రాదు. సంతకం ఒక్కటీ ఇంగ్లీషులో గీస్తాను, అదీ బ్యాంకు వాళ్లు ప్రాణం తీస్తే నేర్చుకున్నాను. కాబట్టి ఆయన ఇంగ్లీషు ఎంత గొప్పదో తూచి చెప్పే రాళ్లు నా దగ్గర లేవు. ఏడేళ్ల కింద ఒక వేసవి అంతా మా షెడ్డులో కూర్చుని, మా అమ్మాయి లలిత చేత ఆయన ఏం చదివించారో, ఎలా చదివించారో మాత్రం నేను పక్కనుండి చూశాను. అది చెప్పి దిగిపోతాను. నారాయణరావు గారు అప్పుడే వాచీ చూసుకుంటున్నారు. చూసుకోండి బావగారూ, మీ బేరాలప్పుడు నేనెన్నడూ వాచీ చూడలేదు. (నవ్వులు)

లలిత సంగతి ఈ సభలో చాలామందికి తెలుసు. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. పెళ్లయిన రెండో వేసవిలోనే మా అల్లుడు టైఫాయిడ్‌తో పోయాడు. పిల్ల ఇంటికి తిరిగొచ్చేసింది. పందొమ్మిదేళ్ల పిల్లకి వెనక గదీ, జపమాలా ఇచ్చి కూర్చోబెట్టారు. మా అమ్మ పాతకాలం మనిషి, చెడ్డది కాదు, కానీ పొద్దున్నే బేరానికి వచ్చేవాళ్లకి ఈ పిల్ల మొహం కనపడకూడదని ఆవిడ పట్టు. వ్యాపారం ఇల్లు కదండీ, శకునం చూసుకునే గడప దాటే వాళ్లం మేమంతా. ఆ వెనక గదిలోనే కూర్చుని లలిత ప్రైవేటుగా బి.ఏ.కి కట్టి ప్యాసైంది. ఇంట్లో కూర్చుని చదివే చదువు గనక మా అమ్మ కూడా ఏమీ అనలేదు.

ఆ ఏడు మాస్టారు ఆవకాయకి కాయలు తీసుకుపోవడానికి వచ్చారు. కాయ నొక్కి చూస్తూ, "రాఘవయ్య గారూ, అమ్మాయి బి.ఏ. ప్యాసైందటగా, తర్వాతేంటండీ?" అని అడిగారు.

"తర్వాతేముందండీ మాస్టారూ" అన్నాను.

ఆయన కాయ కింద పెట్టేశారు. ఉత్తరాదిని ఫలానా చోట విశ్వవిద్యాలయం ఉందని, ఎం.ఏ.లో చేరడానికి ప్రవేశ పరీక్ష పెడతారని, మంచి మార్కులొచ్చిన ఆడపిల్లలకి హాస్టలు కూడా వాళ్లే చూస్తారని చెప్పుకొచ్చారు. దాని పేరు ఇప్పటికీ నా నోరు తిరగదు. అన్నిటికన్నా ముందు ఇంగ్లీషు పేపరు. ముక్కూ మొహం తెలియని ఒక పేజీ ఇస్తారట. అది చదివి, కింద అడిగిన ప్రశ్నలకి అందులోంచే జవాబులు రాయాలట. బట్టీ పట్టడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ పేజీ అంతకుముందు ఎవడూ చూసి ఉండడు. "దానికి సాధన ఒక్కటే మార్గమండీ. రోజుకో పేజీ. నేనొచ్చి చెబుతాను" అన్నారు. మా ఇంటికొచ్చి ఓదార్చి వెళ్లినవాళ్లు బోలెడుమంది, తర్వాతేంటని అడిగినవాళ్లు అంతదాకా లేరండీ. క్షమించాలి, కాసిని మంచినీళ్లిప్పించండి.

ఇంట్లో వీలుపడదు గనక షెడ్డులో పెట్టుకున్నాం. వెనకాల గడ్డిమోపుల పక్కన బల్ల వేయించాను. మాస్టారు వచ్చి చూసి, "ఇక్కడ అక్షరాలు కనపడవండీ, గుమ్మం దగ్గర వేయించండి" అన్నారు. గుమ్మంలో అంటే వచ్చేపోయే ప్రతి వ్యాపారికీ పిల్ల ఎదురుగా కనపడుతుంది. ఆ సంగతి ఆయనకి తెలియక కాదు. నేను బల్ల కదిలించలేదు. ఆయన మళ్లీ అదే మాట, ఇంకాస్త మెల్లిగా, "వెలుతురు కావాలండీ" అన్నారు. బల్ల గుమ్మంలోకి వచ్చింది. బయటూరి వ్యాపారి ఒకాయన దూరం నుంచే చూసి జట్కా వెనక్కి తిప్పించుకుపోయాడు కూడా. పోతే పోయాడు! ఆ వేసవి రసాలు కొనే నాథుడు లేక మా షెడ్డులో కుళ్లిపోయాయా ఏమిటి? (చప్పట్లు) అప్పుడు కొట్టాల్సిన చప్పట్లు బాబూ ఇవి. ఇప్పుడు కొడుతున్నారు, సంతోషం.

సీజన్లో మా షెడ్డు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒక పక్క గడ్డి పరిచి కాయలు పేరుస్తుంటారు, ఒక పక్క మా మేస్త్రీ పెద్దిరాజు ఒకటికి బదులు "లాభం... రెండు... మూడు" అంటూ గొంతెత్తి లెక్కపెడుతుంటాడు, ఈగలు సరేసరి. నేను పెద్దిరాజుని కసిరాను, మెల్లిగా లెక్కపెట్టరా అని. మాస్టారు ఒప్పుకోలేదు. "పరీక్ష హాలు పక్కన ఏం మోగుతుందో మనకేం తెలుసండీ, కానీండి" అన్నారు. ఆ గోలలోనే లలిత చదివేది. చదవడం ఎంత బాగా చదివేదనుకున్నారు! కానీ జవాబులు తప్పు. రోజూ తప్పే.

ఎందుకు తప్పో కనిపెట్టడానికి మాస్టారికి వారం పట్టింది. ఒకరోజు ఎవరో గడియారాలు బాగుచేసేవాడి కథ ఇచ్చారు. మొదట్లో ఆ ఊరివాళ్లంతా వాణ్ని పొగరుబోతంటారు, ఎవరితోనూ మాట్లాడడంటారు. వాడెలాంటి వాడని కింద ప్రశ్న. మా అమ్మాయి చటుక్కున పొగరుబోతని రాసేసింది. మాస్టారు ఆ కథంతా నాకు తెలుగులో చెప్పారు. తీరా చూస్తే ఆఖర్న వాడికి చెవుడట! గంట కొట్టేది వినపడదు, చేత్తో పట్టుకుని అదురు చూసి బాగుచేస్తాడట. నేనూరుకోలేక, "మరి ఆ రాసినవాడు ఆ ముక్క మొదటే చెప్పి చావొచ్చుగా!" అన్నాను. (నవ్వులు) నవ్వకండి, న్యాయమైన ప్రశ్నే.

మాస్టారు నవ్వలేదు. లలిత కేసి తిరిగి, "అమ్మా, నువ్వు పైన నాలుగు వాక్యాలు చదివి, తిన్నగా ప్రశ్నల్లోకి పోతున్నావు. మధ్యలోది నీ ఊహ. అవునా?" అన్నారు.

అది తల దించుకుని, "మా నాన్న పూత చూసి కాపు చెబుతారండీ" అంది.

అదీ సంగతి! మా ఇంట్లో పుట్టిన పిల్లకే వస్తుందండీ ఆ జబ్బు. మేం తోటలు పూత మీద కొంటాం. చెట్ల కింద ఒక్కసారి తిరిగి, పూత పట్టు చూసి, మంచు దెబ్బ చూసి, ఇంత కాపు అని చెప్పేస్తాం. అది మా విద్య. చిన్నప్పట్నుంచీ నా వేలు పట్టుకుని తోటలు తిరిగిన పిల్ల, అదే విద్య ఇంగ్లీషు పేజీ మీద చూపిస్తోంది. నాకు లోపల కాస్త గర్వం కూడా వేసింది, దాచడం దేనికి.

అప్పుడు మాస్టారు నన్నడిగారు. "రాఘవయ్య గారూ, కాయ దిగేదాకా ఆగకుండా పూతలోనే ఎందుకు కొంటారండీ మీరు?"

"ఆగితే ఇంకోడు ఎగరేసుకుపోతాడండీ" అన్నాను.

ఆయన పిల్లతో, "విన్నావుగా? ఈ పేజీని ఎవడూ ఎగరేసుకుపోడు. కాయ అంతా ఇక్కడే, నీ కళ్ల ముందే ఉంది. చివరి వాక్యం దాకా చదువు. అప్పటిదాకా ఎవరి గురించీ ఏమీ అనుకోకు. పూత చూసి జవాబు రాయకు" అన్నారు.

ఇంగ్లీషు పాఠం అది. నేను మాత్రం గుమ్మం దగ్గర నిలబడి మా పిల్ల బోడి నుదురు చూస్తున్నాను. దాని కథలో మొదటి నాలుగు వాక్యాలే కదండీ అయ్యాయి! అంతలోనే ఇల్లూ, ఊరూ, చుట్టాలూ అందరం కలిసి కింద జవాబు రాసేసి, గీత గీసేసి కూర్చున్నాం. ఆ మాట మాస్టారు అనలేదు. ఆయన అలాంటివి అనే మనిషి కాదు. నాకే తట్టింది, తట్టి ఆ పూట అన్నం సహించలేదు.

ఆ రోజు నుంచి సాధన మారిపోయింది. ప్రశ్నల మీద ఒక మామిడాకు అడ్డం పెట్టేవారు. పేజీ అంతా చదివి, అందులో ఏముందో తెలుగులో తన మాటల్లో చెప్పాక గాని ఆకు తీసేవారు కాదు. చెప్పింది ఆయనకి నచ్చకపోతే, "అది అతనన్నాడా, నువ్వన్నావా?" అని అడిగేవారు. ఎన్ని వందలసార్లు అడిగుంటారో! ఆఖరికి పెద్దిరాజు కూడా కూలీలు ఏదైనా వచ్చి చెబితే, "అది ఆయనన్నాడా, నువ్వంటున్నావా?" అనడం మొదలెట్టాడు. (నవ్వులు)

పరీక్ష మద్రాసులో. మాస్టారూ, నేనూ, లలితా హనుమాన్ జంక్షన్ దాకా బస్సులో, అక్కణ్నుంచి బెజవాడ వెళ్లి రైల్లో పోయాం. బయల్దేరేటప్పుడు మా అమ్మ ఒకటే మాటంది, "సీటు రాకపోతే ఇంక ఈ గుమ్మంలో బల్లలూ అవీ వద్దురా." నేను సరేనన్నాను. అది పిల్ల విన్నది. అంటే ఆ ఒక్క పరీక్షే దానికి దారి, అది తప్పితే మళ్లీ ఆ వెనక గదే.

హాలు బయట చెట్టు నీడన నిలబడ్డాం. ఇంకా టైముండగానే ఒక్కొక్కరూ బయటికొస్తున్నారు. ప్యాంట్లు తొడుక్కున్న కుర్రాళ్లు, గడగడా ఇంగ్లీషు మాట్లాడుకుంటూ, సిగరెట్లు వెలిగించుకుంటూ. మా పిల్ల జాడ లేదు. గంట కొట్టారు, అయినా లేదు. "మాస్టారూ, అక్కడ కూర్చుని ఏడుస్తోందేమోనండీ" అన్నాను. అందరికన్నా ఆఖర్న వచ్చింది లలిత. దాని మొహం చూసి ఏమీ అర్థం కాలేదు నాకు.

"కాలవ గురించి ఇచ్చారండీ మాస్టారూ" అంది. "మొదట్నుంచీ కాలవ గొప్పే చెప్పాడు. నాకూ గొప్పని రాసేద్దామనిపించింది. చివర మూడే లైన్లండీ, కాలవ దిగువ ఊళ్లు ఎండిపోయాయని. రాసినాయన బాధ అంతా అక్కడుంది. మళ్లీ మొదట్నుంచి చదివి, అప్పుడు రాశాను. అందుకే ఆలస్యమైంది."

మాస్టారు కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. తుడుచుకుంటూనే ఉన్నారు. "పదండి, కాఫీ తాగుదాం" అన్నారు ఆఖరికి. అయ్యా, ముప్పై ఏళ్ల సర్వీసులో ఈయన కంటనీరు చూసినవాళ్లు ఈ సభలో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. (ఎవరూ చెయ్యెత్తలేదు) నేను చూశాను.

సీటొచ్చింది. వెళ్లింది. ఎం.ఏ. అయింది. ఇప్పుడు గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెబుతోంది. మా అమ్మ పోయే ముందు నెల, మంచం మీద నుంచి మనవరాలి చేత పేపరు చదివించుకుని విన్నది. సగంలో ఆపితే, "పూర్తిగా చదవ్వే" అని కసిరేది కూడాను.

మాస్టారూ, మీరు రేపట్నుంచి బడికి రారు. కొడుకు దగ్గరికి రాజమండ్రి పోతున్నారని విన్నాను. మాకిది కష్టంగా ఉంది, ఉందని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. మీకు మేమేం ఇచ్చినా మా తృప్తి కోసం ఇచ్చుకోవడమే.

ఇంక ఒక్క సంగతి. ఈ శాలువా మాస్టారికి నన్ను కప్పమన్నారు. నేను కాదు, మా అమ్మాయి కప్పుతుందన్నాను. నిన్న కమిటీలో ఒక పెద్దమనిషి, "శుభమా అని సభ చేసుకుంటూ..." అని మొదలెట్టి, నా మొహం చూసి మిగతాది మింగేశారు. ఆయన పేరు చెప్పను, మనవాడే. లలిత వచ్చింది. కాలేజీలో వందమంది ముందు నిలబడి మాట్లాడే మనిషి, ఈ ఊరొచ్చేసరికి తల్లులందరి వెనకా, ఆ స్తంభం చాటున కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే అక్కడ కూర్చుంది, చూశారా! నాకు కడుపు మండేది అదే.

సభకి నా కృతజ్ఞతలు. ఓపిక పట్టిన అధ్యక్షుల వారికి మరీ మరీ కృతజ్ఞతలు. నేను దిగిపోతున్నాను, సెలవు. తల్లులూ, కాస్త దారివ్వండమ్మా. లలితా, లే. మాస్టారు నీకోసం నిలబడే ఉన్నారు.