పంపని వీడియోలు

వీడియోలు పంపంది నెట్ రాక కాదు మేడం. అందరు నెట్ అంటరు గదా, నేను గూడ గదే అందామని వచ్చిన. గేటు దాకా గదే మాట నోట్ల పెట్టుకున్న. మీ మొహం చూసినంక వస్తలేదు.

వద్దు, కూసోను. నిలవడే చెప్త.

ఖోఖో టీంల మా స్రవ్య పేరు కొట్టేసిండ్రు. బడి యాప్‌ల దినాం పెట్టాల్సిన కసరత్తు వీడియో పదకొండు దినాలు రాలేదని. మీ తప్పు కాదు. రూలు అందరికి ఒక్కటే.

పిల్ల మాత్రం చేసింది. ఒక్క దినం ఎగ్గొట్టలే.

ఉప్పుగూడల మా ఇల్లెంత? రెండర్రలు. పొద్దుగాల అయిదున్నరకు మిద్దె మీద, నీళ్ల ట్యాంకు పక్కన చేస్తది. నేను ఎంత మొత్తుకున్నా లేవది. ఫోన్ల మీ గొంతు వస్తే చాలు. ‘లే బంగారం, ఇయాల ఇంకో అయిదు ఎక్కువ’ అంటరు గదా, దుప్పటి ఇసిరేసి లేస్తది. గా యాప్‌ల ఏం మందు పెట్టిండ్రో!

మంచి కాలేదని అంటలేను. పోయినేడు రైల్వే స్టేషన్ మెట్లెక్కితే ఆయాసమొచ్చి కూలబడేది. ఇప్పుడు తాడాట రెండొందలు ఎగురుతది. మస్తు మంచి చేసిండ్రు. మీరు చేసిండ్రు. గదే నా బాధ.

యాదున్నదా మేడం? పిల్ల బడిల పెద్దమనిషైన దినం, నాకంటే ముందు మీకే చెప్పింది. నాకు మీరు ఫోన్ చేసిండ్రు. బేగంబజార్‌ల మిర్చి దుకాణంల తొడిమెలు తీస్కుంట ఇన్న. కన్నతల్లికి ఫోన్ల కబురు!

సరే. అసలు మాట.

వీడియో తీసేది నేనే. ఇంట్ల ఫోన్ ఒక్కటే, నాది. కసరత్తు అయిపోంగనే దగ్గరికొచ్చి, చెమట తుడ్సుకుంట నవ్వుతది. ‘పీటీ మేడం, ఇయాల నలభై గుంజీలు!’ అని. ఎంత మంచిగ నవ్వుతదో. నేను ఫోన్ ఎనక ఉంట. రెండడుగుల దూరం. ఫోన్ బంద్ చేస్తే నవ్వు గూడ బంద్. ‘పంపినవా?’ అంటది, మెట్లు దిగి పోతది.

ఒకనాడు పంపబుద్ధి కాలె. ‘పంపిన బిడ్డా’ అన్న. తెల్లారి గూడ గట్లనే అన్న.

అట్ల చూడకుండ్రి.

దాచి ఏం చేసిన అంటరా? చూసుకున్న. దుకాణంల మధ్యాహ్నం బువ్వ తినేటప్పుడు, సప్పుడు రాకుండ పెట్టి. సప్పుడు లేకుంటే ‘మేడం’ అన్నది ఇనబడది గదా. నా దిక్కు చూసి నవ్వినట్టే ఉంటది.

ఇగో ఫోన్. పదకొండు ఉన్నయి, తేదీలతోని. పాత తేదీలయి పంపాలంటే ఏడ ఒత్తాల్నో మీరే ఒత్తుండ్రి. టీంల జాగ ఇంకా ఉన్నదా?

పెద్దమేడంను అడగాల్నా? అడగుండ్రి. నా పేరే చెప్పుండ్రి. పిల్ల ముంగట చెప్తరా... చెప్పుండ్రి, ఏం చేస్త.

ఇయాల పొద్దుగాల బూట్లు తీస్కపోయి పక్కింటి శ్రీహితకు ఇచ్చేసింది. ‘ఇగ నేను ఉరక’ అన్నది. గది చూసి దుకాణంకు గూడ పోలే. గందుకే వచ్చిన. లేకుంటే వచ్చేదాన్నో, కాదో.

ఎందుకంటే... ఇది గూడ చెప్పేస్త.

నిన్న లిస్టు చూసి వచ్చి, భుజం మీద బ్యాగు గూడ తియ్యకుండ నా ఒళ్లె పడ్డది. ‘మేడంకు నేను నచ్చలేదమ్మా’ అని ఒకటే ఏడుపు. ఎన్నేండ్లైందో మేడం, నా ఒళ్లె తల పెట్టక.

అప్పుడన్న చెప్పాల్నా, వద్దా? చెప్పలె. తల నిమురుకుంట కూసున్న. ‘బయటోళ్లు గంతే బిడ్డా’ అన్న.

నాకు మంచిగనిపించింది మేడం.